స్టుట్‌గార్ట్‌లో కాపురం పెట్టేవాళ్ళకి: ముందు పోస్టు డబ్బా మీద పేరు

జర్మనీలో ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు పాలు పొంగించడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. వీధి గుమ్మం పక్కన వరసగా పోస్టు డబ్బాలుంటాయి. మీ వాటాది ఏదో కనుక్కుని, దాని మీద ఇంట్లో ఉండబోయే అందరి ఇంటిపేర్లూ అంటించండి. కాలింగ్ బెల్ పక్కన కూడా. అందరివీ అంటున్నాను, భర్తది ఒక్కటే కాదు.

మేం 2019 అక్టోబరులో తెనాలి నుంచి స్టుట్‌గార్ట్ వచ్చాం. మావారికి కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. పాపకి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. మావారు డబ్బా మీద తన ఇంటిపేరు అంటించారు. నా పాస్‌పోర్టు పెళ్ళికి ముందు తీసుకున్నది, అందులో మా నాన్నగారి ఇంటిపేరు ఉంది. ఇక్కడ చిరునామాలో చాలాచోట్ల ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి పేరు, బిల్డింగు నంబరు, ఆ తర్వాత డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. పేరు కనబడకపోతే వెనక్కి పంపేస్తారు. నా ఆరోగ్య బీమా కార్డు, నా పన్ను నంబరు రెండూ అలా వెనక్కి వెళ్ళిపోయాయి. నెల దాటినా రాకపోతే ఎందుకు రాలేదో మాకు తెలీదు. ఆ నెలలో నాకు పంటి నొప్పి వచ్చింది. కార్డు లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయపడి లవంగం పెట్టుకుని కూర్చున్నాను. చివరికి మా కింద వాటాలో ఉండే పెద్దావిడ నన్ను డబ్బా దగ్గరికి తీసుకెళ్ళి, నా పేరు ఏదని వేలితో చూపించి అడిగింది. ఆ సాయంత్రమే రెండో చీటీ అంటించాం.

మన తెలుగువాళ్ళకి ఈ పేరు తంటా బయల్దేరకముందే మొదలవుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నా, ఇంటిపేరూ సొంతపేరూ కలిపి ఒకే గడిలో ఉన్నా ముందు అది సరిచేయించుకోండి. ఇక్కడ ప్రతి ఫారంలోనూ ఇంటిపేరుకి ఒక గడి, సొంతపేరుకి ఒక గడి విడిగా ఉంటాయి. ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడితే ఆ తేడాని ఏళ్ళ తరబడి సర్దిచెప్పుకోవాలి. ఇక్కడికి వచ్చాక పాస్‌పోర్టు పనులకి మన కాన్సులేట్ మ్యూనిక్‌లో ఉంది. పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, మీ డిగ్రీలు ఒరిజినల్సే తెచ్చుకోండి. వాటి జర్మన్ అనువాదాలు కూడా ఉంటే చాలా తిరుగుళ్ళు తప్పుతాయి.

కాగితాల వరస

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన ఒక ఫారం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటీ సరిపోదు. మొదట రెండు మూడు నెలలకి సామాన్లున్న తాత్కాలిక ఇల్లు తీసుకునేవాళ్ళు డబ్బు కట్టకముందే "ఇక్కడ అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. చేసుకోవద్దంటే ఆ ఇల్లు వదిలేయండి. ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నడుస్తాయి. నమోదయ్యాక 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఆ నంబరు అందకపోతే కంపెనీ జీతంలోంచి ఆరో తరగతి కింద, అంటే అన్నిటికన్నా ఎక్కువగా పన్ను కోస్తుంది. తర్వాత లెక్కల్లో తిరిగొస్తుందనుకోండి, కానీ కొత్త ఊళ్ళో మొదటి నెల జీతం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

పిల్లలకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కిండర్‌గెల్డ్‌కి వెంటనే దరఖాస్తు పెట్టండి. 2025లో ఒక్కో బిడ్డకి నెలకి 255 యూరోలు. బ్లూ కార్డు మీద, అంటే నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి మీద, వచ్చిన కుటుంబాలకీ వస్తుంది. ఆలస్యం చేస్తే వెనకటి ఆరు నెలలకి మించి ఇవ్వరు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఏడాదిన్నర ఊరుకుని ఏడాది డబ్బు పోగొట్టుకుంది.

కొన్నాళ్ళకి ఇంటికి రెండు ఉత్తరాలొస్తాయి, భార్య పేరున ఒకటి, భర్త పేరున ఒకటి. రేడియో, టీవీ రుసుము కట్టమని. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి, నెలకి 18.36 యూరోలు. కానీ ఇంటికి ఒక్కటే. రెండో ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయకుండా, మొదటివారి నంబరు రాసి "మేం ఒకే ఇంట్లో ఉంటాం" అని జవాబు పంపండి. జవాబివ్వకపోతే ఇద్దరి మీదా బాకీ పెరుగుతుంది.

ఆరోగ్య బీమా ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ప్రభుత్వ బీమాలో ఉంటే సంపాదన లేని భార్య, పిల్లలు అదనంగా ఏమీ కట్టకుండా అందులోనే చేరతారు. ప్రైవేటులో మనిషికో ప్రీమియం. ఒక్కడే ఉన్నప్పుడు ప్రైవేటు చవగ్గా కనిపిస్తుంది. కుటుంబం వచ్చాక లెక్క మారిపోతుంది, మళ్ళీ ఇటు మారడం అంత తేలిక కాదు. దీంతోపాటు హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే చిన్న బీమా కూడా తీసుకోండి. మీ సైకిల్ పక్కవాళ్ళ కారుకి గీసుకుంటే ఆ ఖర్చు అది పెట్టుకుంటుంది.

ప్రతి కాగితానికీ చిల్లులు కొట్టి ఫైలులో పెట్టండి. మీట లాగితే రింగులు తెరుచుకునే ఫైళ్ళు చేసే లైట్జ్ కంపెనీ 1871లో ఈ ఊళ్ళోనే పుట్టింది. ఇక్కడివాళ్ళ ఇళ్ళల్లో పుస్తకాల అలమర పక్కనే ఫైళ్ళ అలమర ఉంటుంది. మాకు ఇప్పుడు ఏడు ఫైళ్ళున్నాయి. ఏ ఉత్తరమూ అర్థం కాలేదని పక్కన పెట్టకండి. ఫోన్లో ఫోటో తీసి అనువాదం చేసుకుని, అందులో ఏ తేదీలోపు అని ఉందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఇల్లు చూసుకునేటప్పుడు

ప్రకటనలో మూడు గదులు అని ఉంటే మూడు బెడ్‌రూములు కావు. హాలుతో కలిపి మూడు. వంటగది, స్నానాలగది లెక్కలోకి రావు. అద్దెలో కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటె అంటే హీటరు, నీళ్ళు, చెత్త, మెట్ల దీపాల ఖర్చులు కలిపినది. కరెంటు, ఇంటర్నెట్టు మళ్ళీ వేరు. అడ్వాన్సు మూడు నెలల ఉత్త అద్దెకి మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టుకునే హక్కు మీకుంది. ఇల్లు చూపించకుండా "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి" అనేవాళ్ళందరూ మోసగాళ్ళే.

చాలా ఇళ్ళల్లో వంటగది ఉత్త గదిగా ఉంటుంది. గట్టు, సింకు, పొయ్యి ఏమీ ఉండవు. పాత అద్దెవాళ్ళు వాటిని ఊడదీసుకుని వెళ్ళిపోతారు, లేదా మీకు అమ్ముతారు. దీపాలు కూడా ఉండవు, పైకప్పులోంచి వైర్లు వేలాడుతుంటాయి. దిగిన రోజు రాత్రి చీకట్లో కూర్చోవాల్సి రాకుండా ఒక టేబుల్ ల్యాంపు ముందే కొనుక్కోండి.

స్టుట్‌గార్ట్ గిన్నెలాంటి లోయలో ఉంటుంది. ఇళ్ళు చుట్టూ కొండవాలు మీద. వీధుల మధ్య నిటారుగా మెట్ల దారులుంటాయి, వాటిని ష్టెఫెలె అంటారు. మ్యాపులో స్టేషను నుంచి 400 మీటర్లే అని చూసి సంబరపడకండి. ఒక చేత్తో పాప బండి, ఇంకో చేత్తో పది కిలోల బియ్యం పట్టుకుని ఎక్కగలరో లేదో స్వయంగా నడిచి చూడండి. మరియెన్‌ప్లాట్జ్ నుంచి డెగెర్లోఖ్ కొండకి పళ్ళచక్రాల రైలు ఒకటి 1884 నుంచి నడుస్తోంది. అలాంటిది అవసరమైన ఊరు ఇది. ఊరి మధ్యలో అద్దె భరించలేనివాళ్ళు బ్యోబ్లింగెన్, జిండెల్‌ఫింగెన్ వైపు చూడండి, మనవాళ్ళు చాలామంది అక్కడే ఉంటారు, రైలు నేరుగా ఊళ్ళోకి వస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి బస్సుల్లో, రైళ్ళలో టికెట్టు లేదు.

తాళాలు తీసుకునే రోజు గోడలు, కిటికీలు, నేల, బాత్‌రూము మూలలు అన్నీ ఫోటోలు తీయండి. ఉన్న గీతలన్నీ కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు మీ అడ్వాన్సుని కాపాడేది అదే.

మెట్లు ఊడ్చే వారం

ఒక సోమవారం పొద్దున తలుపు తీస్తే గుబ్బకి చెక్క పలక వేలాడుతోంది. దాని మీద కేర్‌వోఖె అని రాసుంది. నేను ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి పక్కింటివాళ్ళ తలుపుకి తగిలించాను. మూడు రోజులు మెట్లు అలాగే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు, కానీ మెట్ల మీద ఎదురైన వాళ్ళ మొహాలు మారాయి.

ఇది ష్వాబియా ప్రాంతపు పాత ఆచారం. పలక ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం వంతు వాళ్ళది. చిన్న కేర్‌వోఖె అంటే మీ అంతస్తు ముందు మెట్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టడం. పెద్దదంటే బిల్డింగు ముందు కాలిబాట, నేలమాళిగ దారి, శీతాకాలం మంచు ఎత్తడం, కొన్నిచోట్ల చెత్త డబ్బాలు రోడ్డు మీద పెట్టడం కూడా. వారం అయ్యాక పలకని తర్వాతివారి తలుపుకి తగిలించాలి. కొన్ని బిల్డింగుల్లో ఇప్పుడు మనిషిని పెట్టుకుంటున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడిగి తెలుసుకోండి.

కింద పెద్దావిడే నాకు నేర్పింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడుస్తుంటే తన మాప్ తెచ్చి ఇచ్చి, పై మెట్టు నుంచి కిందికి, మూలలు ముందు, మధ్య తర్వాత అని చేసి చూపించింది. అప్పటికి మా ఇద్దరికీ కలిసిన మాటలు పది ఉంటాయేమో. ఆ రోజు నుంచి శనివారం పొద్దున్నే ఊడవడం మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ టైములో అందరూ మెట్ల మీద తిరుగుతారు, ఒకరొకరే "గ్రూస్ గోట్" అంటారు. ఇక్కడ పలకరింపు అదే. ఎదురైన ప్రతివారికీ మీరే ముందు అనండి. పిల్లల చేత అనిపించండి. నాకు జర్మన్ పుస్తకంలో కంటే ఈ మెట్ల మీదే ఎక్కువ వచ్చింది.

సంక్రాంతికి ముగ్గు వేయాలనిపిస్తే పిల్లలు రోడ్డు మీద బొమ్మలు గీసుకునే లావు సుద్దముక్కలు అమ్ముతారు, వాటితో వేయండి. పెద్ద కేర్‌వోఖె మీ వంతు వచ్చిన వారంలో వేసుకుంటే కడిగే పని ఇంకొకరి మీద పడదు. దీపావళికి టపాకాయలు కాల్చకూడదు, ఇక్కడ వాటికి డిసెంబరు 31, జనవరి 1 రెండు రోజులే అనుమతి. కాకరపువ్వొత్తులు మాత్రం ఏడాది పొడుగునా కాల్చుకోవచ్చు. అవి క్రిస్మస్ ముందు దొరుకుతాయి, అప్పుడే కొని వచ్చే దీపావళికి దాచుకోండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. మనకి దీంతో తగులాట మిక్సీ దగ్గర. ఆదివారం ఇడ్లీ కావాలంటే శనివారం సాయంత్రమే రుబ్బేయండి. సీసాలు పారేసే పెద్ద డబ్బాల దగ్గరకి కూడా ఆదివారం వెళ్ళకూడదు. తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమరంగువి వేరు వేరు. నీళ్ళ ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా సూపర్ మార్కెట్టు మిషన్లో వేస్తే తిరిగిస్తారు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు కాబట్టి పాలు, కూరలు శనివారమే తెచ్చుకోండి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లో కొన్ని కొట్లు తీసుంటాయి.

గాలి ఆడనివ్వండి

మొదటి శీతాకాలం మా పడకగదిలో అలమర వెనక గోడ నల్లగా బూజు పట్టింది. చలి లోపలికి రాకూడదని నేను నవంబరు నుంచి కిటికీ తెరవలేదు. బట్టలు గదిలోనే ఆరేసేదాన్ని. కుక్కర్ ఆవిరి, అన్నం ఆవిరి, వేడినీళ్ళ స్నానం, అంతా ఇంట్లోనే తిరిగి, చల్లటి బయటి గోడకి తగిలి నీరై అక్కడ బూజయింది. పాపకి జనవరి అంతా దగ్గు.

ఇక్కడి గోడలు, కిటికీలు గాలి చొరబడకుండా కట్టినవి. తెరిస్తేనే తడి బయటికి పోతుంది. రోజుకి మూడుసార్లు, హీటరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరవండి, 5 నుంచి 10 నిమిషాలు. కొంచెం వాలుగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడుతుందే గాని తడి పోదు. లేవగానే ఒకసారి, వంటయ్యాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి. అలమరలు బయటి గోడకి ఆనించకండి, జానెడు దూరం వదలండి. బట్టలు ఆరేయడానికి చాలా బిల్డింగుల్లో కింద గది ఉంటుంది, అది వాడుకోండి. హీటరు మీట మీద 3 అంటే ఇంచుమించు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది త్వరగా వెచ్చబడదు, బిల్లు మాత్రం ఎక్కువొస్తుంది.

పడకగదుల్లో, నడవాలో పొగ పసిగట్టే గుండ్రటి పెట్టెలుంటాయి. సాంబ్రాణి వేసినా, ఎండుమిర్చి పోపు పొగ వెళ్ళినా మోగుతాయి. వంటగది తలుపు మూసి, పొయ్యి పైనున్న ఫ్యాన్ వేసి పోపు పెట్టండి. ఆ పెట్టెని ఊడదీయడం మాత్రం చేయకండి.

వంటగది

కరెంటు మన ఊరి వోల్టేజీయే, 230. మిక్సీ, గ్రైండరు పనిచేస్తాయి, ప్లగ్గు మార్చే అడాప్టరు కాస్త బరువు మోసేది తెచ్చుకోండి. పొయ్యి నున్నటి గాజు పలక. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద వేడెక్కదు. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కరు అసలు పనిచేయదు. ఇండక్షన్‌కి పనికొచ్చే, అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కరు ఒక్కటి తెచ్చుకుంటే రెండిటి మీదా నడుస్తుంది.

ఇడ్లీ పిండి పొంగక నేను మొదటి నెల ఏడుపొక్కటే తక్కువ. తెనాలిలో రాత్రి రుబ్బితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగేది. ఇక్కడ డిసెంబరులో ఒకటిన్నర రోజైనా కదల్లేదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి. ఆ బల్బు వెచ్చదనానికే 14, 16 గంటల్లో పొంగుతుంది. కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ లైటుంటే వేడి రాదు, అప్పుడు మరుగునీళ్ళ గిన్నె పక్కన పెట్టి తలుపు మూసేయండి. పిండిలో గుప్పెడు అటుకులు, రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు. ఉప్పు పొంగాకే కలపండి. పెరుగుకి 3.5 శాతం కొవ్వున్న పాలు, తోడుకి కొట్లో దొరికే మామూలు నాటుర్ యోగుర్ట్ చెంచాడు. మొదటిసారి జిగటగా వస్తుంది, నాలుగోసారికి మన పెరుగు అవుతుంది.

కందిపప్పు, సోనామసూరి, చింతపండు ఆసియా కొట్లలో దొరుకుతాయి. కరివేపాకు, మునక్కాయలు, పచ్చి అరటికాయలకి శ్రీలంక తమిళుల కొట్లు చూడండి. సరుకు ఏ రోజు వస్తుందో అడిగి ఆ రోజు వెళ్ళండి, మర్నాటికి కరివేపాకు ఉండదు. వంకాయలు, బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర టర్కీవాళ్ళ కొట్లలో పెద్ద కట్టలు, తక్కువ ధర. సూపర్ మార్కెట్టులో పెటర్‌జీలియె అని ఒక ఆకుంటుంది, చూడ్డానికి అచ్చం కొత్తిమీర. అది వేసి రసం పెట్టాను. పాప ఒక ముద్ద తిని "అమ్మా, ఇది మన చారు కాదు" అంది. ఆకు నలిపి వాసన చూశాకే బుట్టలో వేసుకోండి.

ఊరి నుంచి కారాలు, ఊరగాయలు, పొడులు, వడియాలు, ఎండు గోంగూర తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు తేకూడదు. పాలు, మాంసంతో చేసినవేవీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేవడానికి వీల్లేదు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా పెట్టెలో పెట్టకండి. నెయ్యి ఇక్కడే ఉప్పులేని వెన్న కరిగించుకుంటే కమ్మగా వస్తుంది.

పిల్లని బడిలో వేయడం

ఏడాది నిండిన పిల్లలకి కీటాలో, అంటే ఇక్కడి బాలబడిలో, చోటు పొందే హక్కు చట్టంలో ఉంది. చోట్లు మాత్రం తక్కువ. చిరునామా నమోదైన వారమే ఊరి దరఖాస్తు పెట్టి, చుట్టుపక్కల బడులకి స్వయంగా వెళ్ళి మొహం చూపించి రండి. మాకు ఏడు నెలలు పట్టింది. తట్టు టీకా (ఏడాది నిండితే ఒక డోసు, రెండేళ్ళు నిండితే రెండు) వేయించినట్టు కాగితం లేకపోతే చేర్చుకోరు, 2020 మార్చి నుంచి అది చట్టం. మన ఊళ్ళో ఇచ్చిన టీకాల పుస్తకం పారేయకండి. పిల్లల డాక్టరు దాన్ని చూసి ఇక్కడి పసుప్పచ్చ పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ డాక్టరుని కూడా జబ్బు రాకముందే వెతుక్కోండి. చాలామంది డాక్టర్లు కొత్తవాళ్ళని తీసుకోం అంటారు. రాత్రులు, ఆదివారాలు 116117కి ఫోన్ చేయాలి, ప్రాణం మీదికొస్తే 112కి.

చేరిన రోజునే పిల్లని వదిలేసి రానివ్వరు. ఐన్‌గెవ్యోనుంగ్ అని రెండు నుంచి నాలుగు వారాలు అలవాటు చేసే పద్ధతి ఉంది. మొదటి రోజులు తల్లో తండ్రో అదే గదిలో కూర్చోవాలి. తర్వాత పావుగంట బయటికి, ఆ తర్వాత గంట. ఏడ్చినా టీచరు దగ్గర ఊరుకుంటేనే ఇంకొంచెం పెంచుతారు. ఆ నెల ఎవరో ఒకరు పూర్తిగా ఖాళీగా ఉండేలా చూసుకోండి, కొత్త ఉద్యోగం అప్పుడే మొదలుపెట్టకండి. మన దగ్గర గేటులోంచి ఏడుస్తున్న పిల్లని లాక్కెళ్ళడం చూసినదాన్ని, ఈ పద్ధతికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

మా పాప నాలుగు నెలలు అక్కడ నోరు విప్పలేదు. ఇంటికొచ్చి తెలుగులో గలగల మాట్లాడేది, బడి గుమ్మం దాటితే మూగే. నాకు దిగులు పట్టుకుని ఇంట్లో జర్మన్ మాట్లాడాలా అని టీచరుని అడిగాను. వద్దంది. ఇంట్లో మీ భాష బాగా మాట్లాడండి, జర్మన్ సంగతి మేం చూసుకుంటాం అంది. అప్పుడు నేనొక పని చేశాను, మీరూ చేయండి. ఒక అట్ట మీద పదిహేను తెలుగు మాటలు జర్మన్ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి ఇచ్చాను. నీళ్ళు, ఆకలి, నొప్పి, చలి, అమ్మ వస్తుంది, ఒంటికి. టీచరు దాన్ని గోడకి అంటించింది. "అమ్మ వస్తుంది" అని ఆవిడ తన యాసలో చెప్పినప్పుడు పాప ఆవిడ ఒళ్ళో ఎక్కి కూర్చుందట.

సామాన్లలో వానకి వేసుకునే ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల వేసుకునే చెప్పులు తప్పనిసరి. వానొచ్చినా మంచు పడినా పిల్లల్ని బయటికి తీసుకెళ్తారు. అన్నిటి మీదా పేరు రాయండి. డబ్బాలో పులిహోర, దోసె ముక్కలు పెట్టడానికి సందేహించకండి. బడి వయసులో వచ్చిన పిల్లలకి ఈ రాష్ట్రంలో జర్మన్ నేర్పే ప్రత్యేక తరగతులున్నాయి, చేర్చేటప్పుడే అడగండి.

ఇంట్లో ఉండే మనిషి

నేను తెనాలిలో ఆరేళ్ళు లెక్కల టీచర్ని. ఇక్కడ మొదటి ఏడాది ఎవరైనా నా పేరు అడిగితే మావారి పేరు చెప్పి ఆయన భార్యని అనేదాన్ని. కాబట్టి భర్తలకి ముందుగా చెప్తున్నాను. అద్దె ఒప్పందంలో ఆమె పేరు ఉండనివ్వండి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా తెరవండి. ఆఫీసులకి ఫోన్లు మీరే చేసేయకుండా కొన్ని ఆమె చేత చేయించండి, తప్పులు పోతే పోనీ.

బ్లూ కార్డు మీద వచ్చినవారి భార్యకి గానీ భర్తకి గానీ ఉద్యోగం చేసుకునే హక్కు మొదటి రోజు నుంచీ ఉంటుంది, ఆ సంగతి నివాసపు కార్డు మీదే రాసుంటుంది. అయినా భాష లేకుండా చాలా పనులు దొరకవు. ప్రభుత్వం నడిపించే ఇంటెగ్రేషన్ కోర్సులో మామూలుగా భాషకి 600 పాఠాలు, దేశం గురించి 100 పాఠాలు ఉంటాయి. రోటెబ్యూల్‌ప్లాట్జ్ దగ్గరున్న ఫోక్స్‌హోఖ్‌షూలెలో, అంటే పెద్దవాళ్ళకి తరగతులు నడిపే బడిలో, కోర్సుల వివరాలు చెప్తారు. పిల్ల బడిలో చేరేదాకా ఆగుదాం అనుకోకండి, సాయంత్రం తరగతులకి వెళ్ళండి. ఆ రెండు గంటలు తండ్రి పిల్లని చూసుకుంటాడు. మా ఇంట్లో పాపకి జడ వేయడం మావారు నేర్చుకుంది ఆ సాయంత్రాల్లోనే.

వానాకాలపు పొద్దుల్లో వెళ్ళడానికి మైలెండర్ ప్లాట్జ్‌లో ఊరి గ్రంథాలయం ఉంది. 2011లో తెరిచారు, తెల్లటి పెద్ద పాచికలా ఉంటుంది. నాలుగు గోడల మీదా గ్రంథాలయం అన్న మాట నాలుగు భాషల్లో రాసుంటుంది: జర్మన్, ఇంగ్లీషు, అరబిక్, కొరియన్. లోపల కూర్చోవడానికి ఎవరూ డబ్బడగరు, ఎందుకొచ్చావనీ అడగరు. పాపా నేనూ బొమ్మల పుస్తకాలతో ఒకేసారి చదవడం నేర్చుకున్నాం అక్కడ. ఇప్పుడు నేను బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోట సగం పూట పనిచేస్తున్నాను, హోంవర్కులో లెక్కలు నా దగ్గరికే పంపుతారు.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడు

వచ్చేది వేసవిలో రమ్మనండి, మే నుంచి సెప్టెంబరు. సందర్శకుల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. కనీసం 30,000 యూరోల వైద్యం భరించే ప్రయాణ బీమా కావాలి. వాళ్ళు రోజూ వేసుకునే మందులు మూడు నెలలకి సరిపడా డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోమనండి. ఇంటికి దగ్గర్లో మెట్లు లేని నడక దారి ఒకటి ముందే చూసి పెట్టండి, కూర్చోవడానికి బల్లలున్నది.

మా అమ్మ 2022 జూన్‌లో వచ్చింది. నాన్నగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. విమానాశ్రయం నుంచి వచ్చి గుమ్మం దగ్గర సామాన్లు దింపుతుంటే అమ్మ పోస్టు డబ్బాల ముందు ఆగిపోయింది. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు, కానీ రేషన్ కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద చూసి చూసి ఆ అక్షరాల వరస తెలుసు. కొంగుతో చీటీ మీద దుమ్ము తుడిచి, "ఏమే, ఇది మన ఇంటిపేరే కదే?" అంది.

"అవునమ్మా," అన్నాను.